నల్లగొండ హోటల్లో పుట్టినరోజు దావత్

పుట్టినరోజుకు హోటల్లో దావత్ ఇస్తారన్న సంగతి నాకు మొదట తెలిసింది నా చిన్ననాటి దోస్తు వల్లనే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం అది. కట్టంగూర్ దగ్గరి మా ఊరికి వాడు కొత్త సైకిల్ మీద వచ్చాడు. సైకిల్ దిగకుండానే ఒక కాలు మా అరుగు మీద పెట్టి పిలిచాడు.

"ఆయితారం నా పుట్టినదినం. నల్లగొండల దావత్ ఇస్తున్న. నువ్వు రాకుంటే నేను ముద్ద ముట్ట."

అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ నవ్వింది. "నువ్వు పుట్టింది జొన్న కోతలప్పుడు కొడుకా. గిప్పుడు ఎండలు మండుతున్నయ్. గీ తారీకు నీకెవలు చెప్పిండ్రు?"

"బడిల పంతులు రాసిండు చిన్నమ్మా. సర్కారుకు గదే లెక్క."

మాకూ వాళ్లకూ చుట్టరికం లేదు. వాళ్ల ఇల్లు మా ఇంటి వెనక ఉండేది. వాడి తల్లి జ్వరంతో పోయాక, ఎక్కువ పూటలు మా ఇంట్లోనే తిన్నాడు. అందుకే అమ్మను చిన్నమ్మ అనేవాడు. మా బాపు పోయినప్పుడు నాతోపాటు వాడు కూడా గుండు చేయించుకున్నాడు. పోలీసు చర్య తర్వాత నల్లగొండలో కిరాయి ఇంట్లో దిగి, ఏవో పనుల మీద ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

హోటల్లో ఎట్లా మెలగాలో ఆ రోజే నాకు నేర్పాడు. చెప్పులు బయట విడవద్దు. చేతులు ధోతికి తుడుచుకోవద్దు. పిలిచినవాడు మళ్లీ వడ్డించమనేదాకా అడగొద్దు. బిల్లు ఎంతైందని అసలే అనొద్దు. "పెద్ద పెద్దోళ్లు వస్తరు. నువ్వు మంచిగ తిను. నేనేమన్న అంటే ఔనను, చాలు," అన్నాడు.

దావత్‌కు వట్టి చేతులతో పోకూడదని అమ్మ పెట్టె తెరిచింది. బాపు ఒకప్పుడు పోచంపల్లి నుంచి తెచ్చుకొని, తలకు కట్టుకోకుండానే పోయిన ఎర్ర రుమాలును మడత పెట్టి ఇచ్చింది. బస్సు కిరాయికి నిజాం నాటి హాలీ రూపాయలు కొన్ని నా చేతిలో పెట్టింది.

హోటల్లో లోపలి గదికి ఆకుపచ్చ పరదా కట్టి ఉంది. పాలరాతి బల్ల చుట్టూ మేం నలుగురమే. నా దోస్తు, నేను, గాంధీ టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, కోస్తా వైపు సర్కారు జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు. కార్డు మీద బట్ట అమ్మే కంట్రోలు దుకాణాలు ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఆ ఆఫీసరే అని పెద్దమనిషి మాటల్లో నాకు అర్థమైంది. రజాకార్ల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లకు ముందు ఇస్తారట.

రుమాలు ఇస్తే, వాడు విప్పి చూడకుండానే కుర్చీ వెనక వేశాడు. బగారా అన్నం, మాంసం వచ్చాయి. వాడు చెప్పినట్టే నేను తలవంచుకొని తింటున్నాను.

"మీ ఊళ్లో చాలా బాధలు పడ్డారటగా. చెప్పండి, వినాలనుంది," అన్నాడు ఆఫీసరు, నా దోస్తు వైపు తిరిగి.

వాడు చేయి తుడుచుకొని మొదలుపెట్టాడు. "ఏం చెప్పమంటరు సార్. పొద్దుగాలనే లారీల వచ్చిండ్రు. పడుసు పోరగాండ్లను దొరికినోళ్లను దొరికినట్టు పట్కపోతున్నరు. మన కాంగ్రెసు వలంటీర్లను నేను మా వాకిట్ల పాతర్ల దించిన. బండ మూసి, మన్ను కప్పి, మీద ఆముదపు కాయలు పోసి ఒలుసుకుంట కూసున్న. తుపాకి మడిమెతోని గీ చెయ్యి మీద కొట్టిండ్రు. నోరిప్పలె సార్."

చొక్కా చేయి పైకి లాగి మచ్చ చూపించాడు. ఆ మచ్చ నాకు తెలుసు. మోట తోలుతుంటే తాడు చుట్టుకొని కోసిన మచ్చ అది. పసుపు అద్ది గుడ్డ కట్టింది నేనే.

ఆ పాతర మా వాకిట్లోది. ధాన్యం దాచుకునే ఆ గోతి మీద ఆ పొద్దు కూర్చున్నది మా అమ్మ. లోపల వాడున్నాడు, నేనున్నాను, కమ్యూనిస్టుల సంఘంలో తిరిగే మరో ముగ్గురున్నారు. పాత జొన్నల ముక్కిపోయిన వాసన, ఊపిరాడని ఉక్క. పైన అమ్మ గొంతు వినిపిస్తోంది. "ఎవ్వలు లేరయ్యా, నా కొడుకు బండి కట్టుకొని నకిరేకల్ పోయిండు." తర్వాత దెబ్బ పడిన చప్పుడు. అమ్మ ఒక్కసారి మూలిగింది. మళ్లీ అదే మాట చెప్పింది. నేను తలతో బండను నెట్టబోతే నా నోరు మూసి, నన్ను కింద అదిమి పట్టుకున్నది వీడే. వాళ్లు పోయాక బయటికి వచ్చి అమ్మ కాళ్ల మీద పడి ఏడ్చిందీ వీడే. నల్లగొండ దవాఖానకు పోదామంటే తోవ పొడుగునా రజాకార్లే. ఊళ్లో కట్టించిన కట్టు కుదరక అమ్మ మణికట్టు వంకరగా అతుక్కుంది.

"శభాష్," అన్నాడు ఆఫీసరు.

వాడు నా వైపు తిరిగాడు. "ఔ గదరా? నీ కండ్ల ముందట్నే గద."

చేతిలో ముద్ద ప్లేటులో పెట్టేశాను. "గా పాతర మాది సార్," అన్నాను.

దోస్తు నవ్వబోయి ఆగాడు. ఆఫీసరు ముందుకు వంగి, ఆదరంగానే అడిగాడు. "అలాగా! అయితే లోపల ఉన్నవాళ్లు మీకూ తెలుసన్నమాట. ఎవరెవరండీ?"

ఆ ముగ్గురూ అప్పటికి అడవిలో ఉన్నారు. వాళ్ల కోసం మిలిటరీ మా చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలిస్తోంది. వాళ్లకు అన్నం పెట్టారన్న అనుమానంతోనే మనుషులను పట్టుకుపోతున్నారు. అమ్మ మాట చెప్పాలంటే వాళ్ల పేర్లు చెప్పాలి. నా దోస్తు నన్నే చూస్తున్నాడు. వాడి కళ్లలో భయం లేదు. నేను చెప్పలేనని వాడికి ముందే తెలుసు. ఇదంతా లెక్క చూసుకున్నాకే ఆ రోజు సైకిల్ ఎక్కి మా ఇంటికి వచ్చాడు.

"యాదికి లేదు సార్," అన్నాను.

"పాపం, గప్పుడు మస్తు బెదిరిండు," అంటూ వాడు నా ప్లేటులో డబల్ కా మీఠా వేశాడు.

నేను లేచాను. పుట్టినరోజు నాడు పెట్టిన మిఠాయి విడిచి లేవడం ఎంత తప్పో నాకు తెలియకపోలేదు. చేయి కడుక్కొని, గల్లా దగ్గరికి పోయి నా తిండికి ఎంతైందని అడిగాను.

"దావత్‌కు వచ్చినోళ్ల తాన పైసలు తీస్కుంటే పిలిచినాయన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు గల్లా మీది ముసలాయన.

"తీస్కో తాతా, పున్నెముంటది," అని నా దగ్గరున్న రూపాయలు అక్కడ పెట్టి బయటపడ్డాను.

దోస్తు వెనకాలే ఉరికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "గిట్ల లేసి పోతవారా? సాబ్ ఏమనుకుంటడు?"

"గది మా అమ్మ చెయ్యిరా."

"ఔ, చిన్నమ్మ చెయ్యే. నేను కాదంటున్ననా?" గొంతు తగ్గించాడు. "గని నువ్వు చెప్పుకుంటే జైలు. నేను చెప్పుకుంటే దుకాణం. గందుల నీకు పోయేదేముంది?"

చేయి విడిపించుకొని నడిచాను. బస్సుకు పైసలు లేవు. కొంత దూరం ఎవరో బండి ఎక్కించుకున్నారు. మిగతాదంతా నడకే. ఇల్లు చేరేసరికి అమ్మ దీపం పెడుతోంది.

"ఏం పెట్టిండ్రు తినుడు?" అని అడిగింది. కాళ్లు కూడా కడుక్కోకుండా జరిగిందంతా చెప్పాను. అమ్మ వింటూ దీపం ఒత్తి ఎగదోసింది.

"చెప్పుకుంటే చెప్పుకోనియ్యి," అన్నది చివరికి. "ఆ ముచ్చట వాడు ఒక్కడే చెప్పుకోవచ్చు గద. నిన్నెందుకు పిలిచిండు?"

"ఔననెటందుకు."

అప్పుడు ఏడ్చింది. చేయి విరిగిన నాడు కూడా అమ్మ ఏడవగా నేను చూడలేదు.

దుకాణం వాడికే వచ్చింది, అదీ కట్టంగూర్‌లోనే. కార్డు మీద బట్ట ఇంకెక్కడా దొరకదు కాబట్టి నేను అక్కడికే పోవలసి వచ్చేది. "చిన్నమ్మ మంచిగున్నదా?" అని గల్లా మీంచి అడిగేవాడు. "ఉన్నది," అని బట్ట తీసుకొని వచ్చేవాణ్ణి. మా మధ్య అంతకంటే మాట సాగేది కాదు.

అడవికి పోయిన ముగ్గురిలో ఒకడు తుపాకి గుండుకు పోయాడు. మిగతా ఇద్దరూ కేసులు ఎత్తేశాక ఇళ్లకు వచ్చారు. ఇక ఎవరికైనా చెప్పవచ్చు అనుకునే నాటికి, ఊరూరా వాడి కథ పాతుకుపోయింది. నేను ఒకరిద్దరికి చెప్పి చూశాను. దుకాణం మీద కన్నుతో అంటున్నాననుకున్నారు.

ఒక ఏడు జెండా పండుగకు వాడిని మా ఊరి బడికి పిలిచారు. కుర్చీ వేసి, దండ వేసి, మాట్లాడమన్నారు. అమ్మ ఆడవాళ్లలో కూర్చొని మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఆమె అక్కడున్నట్టు వాడు చూశాడు. అయినా ఒక్క మాట తడబడలేదు.

ఇంటికి వస్తుంటే అమ్మే అన్నది. "వాడు మంచిగ చెప్తున్నడురా. నాకు గట్ల చెప్పరాదు."

ఆ మాటలో ఎకసెక్కెం ఏమైనా ఉందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. లేదు.