మూత తెచ్చారా?

ఆ కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరూ మూతమ్మ అనే అంటారు. అది కుక్కర్ల విడిభాగాలు అమ్మే కొట్టు. గుమ్మంలో ఎవరు కాలు పెట్టినా ఆవిడ మొదటి మాట, "మూత తెచ్చారా?" తెచ్చేవాళ్లు నూటికి ముగ్గురు. మిగతా తొంభై ఏడుగురూ చేతులూపుకుంటూ వస్తారు. మూత తెమ్మంటే మూతి తిప్పుకుంటారు.

అసలు ఇందులో అంత కష్టమేముందో చెప్పండి. కుక్కర్ రబ్బరు పోయింది, కొత్తది కొనాలి, ఆ మూత ఒక సంచిలో పడేసుకుంటే చెయ్యి అరిగిపోతుందా? చెప్పుల కొట్టుకి కాళ్లు ఇంట్లో పెట్టి వెళతారా ఎవరైనా?

కొట్టు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక గోడ నిండా మేకులు, మేకులకి సైజుల వారీగా వేలాడే రబ్బర్లు. ఎదురు గోడకి చిన్న చిన్న సొరుగులు, వాటిలో విజిళ్లు, పిడులు, మరలు, సేఫ్టీ వాల్వులు. కౌంటర్ వెనక ఒక ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద ఆవిడ పందొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది. మొదట్లో భర్త పక్కన ఉండేవాడు, ఆయన పోయాక ఒక్కతే. కొట్టు ఇప్పుడు మరిది చేతిలో ఉంది.

ఆ రోజు పొద్దున మరిది ఒక గుడ్డ సంచి పట్టుకొచ్చి కౌంటర్ కింద పెట్టాడు. మొహం ఎటో తిప్పుకుని చెప్పాడు.

"వదినా, మీరు కసురుతున్నారని జనం పక్కవీధి కొట్టుకి పోతున్నారు. ఇవాళ ఒక్కళ్లు ఉత్తచేతులతో వెళ్లినా సరే, రేపటినుంచి మీరు వెనక గదిలో సరుకు చూసుకోండి. ఇక్కడ నేను కూర్చుంటాను."

వెనక గదికి కిటికీ లేదు. ఒక బల్బు, గుట్టలుగా అట్టపెట్టెలు, ఎలుకలు. మాట్లాడాలంటే గోడతో మాట్లాడుకోవాలి. ఇల్లు ఎలాగూ ఖాళీ. ఈ స్టూలు కూడా పోతే తనకంటూ ఏం మిగులుతుందని ఆవిడ గుండెల్లో రాయి పడింది. సరే, ఇవాళ్టికి నోటికి తాళం వేసుకుందామనుకుంది.

ముందుగా వచ్చినాయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వచ్చాడు.

"రబ్బరు కావాలండీ."

"మూత తెచ్చారా?"

"మూతెందుకండీ, మామూలు కుక్కరే."

మామూలు కుక్కరట. ఆ గోడ మీద ముప్పై రెండు రకాల రబ్బర్లున్నాయి, ముప్పై రెండూ మామూలివే.

"ఎన్ని లీటర్లదండీ?"

"మేం నలుగురం."

ఆవిడ పళ్లు కొరుక్కుంది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే రెండు చేతులూ గుండ్రంగా పెట్టి, "ఇంతుంటుంది," అన్నాడు. ఆవిడ కొలుద్దామని టేపు తీసేలోపు ఫోన్లో ఎవరి మీదో కోపం వచ్చి ఆ చేతులు ఇంకో జానెడు దూరం జరిగాయి. కుక్కరూ పెరిగిపోయింది. ఆవిడ మధ్యరకంది ఒకటి తీసి ఇచ్చింది. రబ్బరు సరిపోకపోతే ఆవిరి కారుతుంది, అంతే, ప్రాణం మీదికి రాదు. రేపు మళ్లీ వచ్చి ఏం సరుకమ్మా ఇది అని తననే దులిపేస్తాడు. ఒళ్లు మండిపోతున్నా నవ్వి పంపింది.

తర్వాత వచ్చిన పెద్దావిడ ఇంకా తెలివైనది. మూత బదులు ఫోటో తెచ్చింది. ఫోటో నిండా బోసినవ్వు నవ్వుతున్న చంటిపిల్లాడు.

"మా మనవడు."

"బాగున్నాడమ్మా. కుక్కరేదీ?"

"అదిగో, వాడి చెవి పక్కన."

చెవి పక్కన కుక్కర్ పిడి కాస్త కనిపిస్తోంది. పెద్దావిడ పదకొండు రబ్బర్లు దింపించి, ఒక్కొక్కటీ సాగదీసి చూసి, తోచిన మేకుకి తోచింది తగిలించి, ఇంట్లో అడిగొస్తానంది. ఉత్తచేతులతో పోనిస్తే తన కొంప మునుగుతుంది. మూతమ్మ బతిమాలి ఒకటి చేతిలో పెట్టింది. పందొమ్మిదేళ్లలో ఎవర్నీ అలా బతిమాలింది లేదు. తన మీద తనకే అసహ్యమేసింది.

అప్పుడు నడివీధిలో కారు ఆపి, ఇంజనైనా ఆపకుండా ఒకమ్మాయి దిగింది. వెనక బళ్లు హారన్లు మోగిస్తున్నా ఆ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఆంటీ, సేఫ్టీ వాల్వు. తొందరగా."

"మూత తెచ్చావా అమ్మా?"

"లేదు. ఏదో ఒకటి ఇచ్చేయండి."

"ఇది రబ్బరు కాదమ్మా, ఏదో ఒకటి ఇవ్వడానికి. లోపల ఆవిరి ఎక్కువైతే కాపాడేది ఇదే. తప్పుది బిగిస్తే మూత లేచిపోతుంది. వెళ్లి తీసుకురా."

"నాకంత తీరిక లేదు. కస్టమర్లతో ఇలాగేనా మాట్లాడేది?"

మూతమ్మకి తన వంటిల్లు గుర్తొచ్చింది. ఆ వంటింటి పైకప్పుకి ఇప్పటికీ ఒక గుంట ఉంది. కాపురం కొత్తలో భర్త, అన్నీ ఒకటేలే అని చేతికందిన వాల్వు బిగించాడు. ఆవిడ పాలవాడికి తలుపు తియ్యడానికి అలా వెళ్లింది, మూత ఇలా పైకి లేచింది. అప్పట్లో మరిదిదీ ఆ ఇంట్లోనే భోజనం. కిందపడ్డ మూత తీసింది అతనే.

ఆ మరిదే ఇప్పుడు వెనక గదిలోంచి చరచరా వచ్చి సొరుగు లాగాడు. ఒక వాల్వు తీసి, "ఇది పెట్టుకోండమ్మా, అన్నిటికీ సరిపోతుంది," అన్నాడు. బిల్లు మీద ఆ పిల్ల ఫోన్ నంబరు రాసుకుని పంపించేశాడు.

"చూశారా, ఎంత తేలికో. రేపటినుంచి వెనక గదే, వదినా."

ఆవిడ ఆ సొరుగుని విసురుగా మూసింది. అతను మాత్రం తాపీగా కౌంటర్ కింద గుడ్డ సంచి తీశాడు. సంచిలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి కుక్కర్ మూత.

"మా ఇంట్లో వాల్వు పోయింది. దీనికి సరిగ్గా సరిపోయేది చూసి మీరే బిగించండి వదినా. మీ తోడికోడలు మీ చేత్తోనే వేయించుకు రమ్మంది."

ఆవిడ మూతకేసి చూసింది. మరిదికేసి చూసింది. పొద్దుటినుంచి నోటికి వేసుకున్న తాళం ఊడి కిందపడింది.

"మూతెందుకు తెచ్చావయ్యా? ఎంతుంటుందో చేత్తో చూపించు."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"నీ పెళ్లాం పిల్లలకైతే మూత తువ్వాల్లో చుట్టుకుని రావాలి. పరాయి పిల్లకైతే అన్నిటికీ సరిపోయేది చాలు. ఆ రోజు మన వంటింట్లో మూత తీసింది నువ్వు కాదూ? ఫోన్ చెయ్యి ఆ పిల్లకి. ఆ వాల్వు వెనక్కి వచ్చాకే ఈ మూత నీకిచ్చేది."

మూత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మరిది బిల్లు చూసి నంబరు నొక్కాడు.

"అమ్మా, ఇందాక వాల్వు ఇచ్చాను కదా, అది వాడకండి. మూత తీసుకుని ఒక్కసారి..."

ఆపైన అతనికి మాట్లాడే సందు దొరకలేదు. అతను ఫోను చెవికి దూరంగా పెట్టుకుని, "వదినా, తిడుతోంది," అన్నాడు.

"తిట్టనీ. మూత తెస్తాననేదాకా ఫోన్ పెట్టకు."

సాయంత్రం ఆ పిల్ల మూతి ముడుచుకునే వచ్చింది, కానీ మూత తెచ్చింది. పొద్దున ఇచ్చిన వాల్వు ఆ మూత కన్నంలో వదులై గిరగిరా తిరిగింది. మూతమ్మ దాన్ని తీసేసి సరైనది బిగించి ఇచ్చింది. ఆ పిల్ల ఒక్క మంచి మాటైనా అనకుండా కారెక్కింది. కారు మళ్లీ నడివీధిలోనే ఉంది.

మర్నాడు ఆవిడ తిన్నగా వెళ్లి స్టూలు మీద కూర్చుంది. మరిది వెనక గదిలోకి వెళ్లి, బల్బు వేసుకుని అట్టపెట్టెలు సర్దుకున్నాడు.