నాయన బండి కవరూ, నా సైన్సూ

ముందే చెబుతున్నాను, ఇది ఘోరమైన కథ. చనిపోయిన మా నాయన్ని పట్టపగలు, ఎవరి సాయమూ లేకుండా, పది నిమిషాల్లో రెండోసారి పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను. పైగా దుత్తలూరు బళ్ళో పిల్లలకు లోహాల పాఠం చెప్పేవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదువు చెప్పేస్తే పోయింది.

మాది ఉదయగిరి. నాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. పాత మోటారు సైకిలొకటి కొని, దాని మీద పల్లెలన్నీ తిరిగి గొడ్లకు సూదులు వేసేవాడు. ఆయన పోయాక బండి నాకొచ్చింది. ఇంజనుకు కుడివైపున్న అల్యూమినియం కవరు మీద, బ్రేకు పక్కన, అరచెయ్యంత చోటు అరిగి మెరుస్తుండేది. బ్రేకు తొక్కీ తొక్కీ నాయన చెప్పు రాసుకున్న గుర్తు అది. చిన్నప్పుడు వెనక కూర్చున్న నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనపడేది కాదు. ఇప్పుడు నా కాలు సరిగ్గా ఆ నునుపు మీద ఆనేది. ఆనినప్పుడల్లా "నాయనా" అని పలకరించేవాణ్ణి. నవ్వకండి. మనిషి లేనప్పుడు అరిగిన లోహాన్ని తడుముకునైనా రోజు వెళ్ళదీస్తాం.

నాయన పోయి ఏడాదవుతోంది. ఆదివారం ప్రార్థనా మందిరంలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. "ఆ బండి మీదనే తీసకపోరా నన్ను. దాని చప్పుడు విని శానా దినాలాయ" అంది అమ్మ. సరేనన్నవాణ్ణి ఊరుకోవచ్చుగా! బుధవారం మలుపులో బండిని రాయి మీద పడేశాను. కవరు నిలువునా చీలి, నూనంతా రోడ్డు పాలైంది.

శుక్రవారం సెలవు పెట్టి, కవరును చంటిబిడ్డలా తువ్వాల్లో చుట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. అక్కడ గ్యాస్ వెల్డింగ్ చేసే మస్తాన్ భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏండ్ల తరబడి నూనె తాగి ఉండాది సార్ ఇది. ఉడకబెట్టాల, రుద్దాల, ఆనక అతకాల. సోమవారం రాండి."

"ఆదివారానికే కావాల భాయ్. ఇదో, ఇది మా నాయన కాలి గుర్తు. ఇది చెడకూడదు."

ఆయన ఆ నునుపును బొటనవేలితో మెల్లగా నిమిరాడు. "సరే, రేపు సాయంత్రానికిస్తా. ఇప్పుడు నమాజుకు పోయొస్తా. కొట్టు చూస్తా ఉండండి. దేన్నీ ముట్టుకోబాకండి."

"నేనెందుకు ముట్టుకుంటా భాయ్? సైన్సు మాస్టర్ని!"

"అందుకే చెప్తా ఉండా సార్."

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, నా బుర్రలో సైన్సు నిద్రలేచింది. ఈలోగా కాస్త వేడిచేసి ఆ నూనె మడ్డి కాల్చిపెడితే పెద్దాయనకు సగం పని తప్పుతుంది కదా! అల్యూమినియం ఆరువందల అరవై డిగ్రీల దగ్గర కరుగుతుందని పిల్లల చేత వందసార్లు వల్లె వేయించాను. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబడి, తర్వాతే లొంగడం కళ్ళారా చూశాను. ఇదీ ఎర్రబడుతుంది, ఎర్రబడగానే మంట తీసేస్తే సరి. ఇంట్లో ఫ్యాను రెక్క బిగించిన ధైర్యంతో రచ్చ గెలవబోయాను.

భాయ్ వెల్డింగ్ గొట్టం వెలిగించి కవరుకు మంట పెట్టాను. ఎర్రబడలేదు. పెంచాను. ఊహూఁ, పెళ్ళికొడుకు పంచెలా తెల్లగానే ఉంది. "మొండిది" అనుకుని ఇంకాస్త పెంచాను. అంతే! కవరు మధ్యలో మెల్లగా కుంగి, ఎండలో పెట్టిన వెన్నముద్దలా జారి, బొట్లుబొట్లుగా ఇటుకల మీద పడింది. నునుపు ఉన్న చోట ఇప్పుడు మూడు వేళ్ళు దూరేంత చిల్లి.

భాయ్ తిరిగొచ్చాడు. చిల్లిని చూశాడు, నన్ను చూశాడు.

"ఏంది సార్ ఇది?"

"ఎర్రబడలేదు భాయ్..."

"అది ఎర్రబడదు సార్. ముందు చెప్పి కరిగే రకం కాదు."

మా నాయనా అంతే. మధ్యాహ్నం అన్నం తిని, మజ్జిగ బాగుందని చెప్పి, నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. ఆ కొట్టు ముందు, నలుగురూ చూస్తుండగా, ముప్పై రెండేళ్ళ మాస్టారు వెక్కివెక్కి ఏడ్చాడు. భాయ్ ఒక్క తిట్టూ తిట్టలేదు. టీ తెప్పించి, పాత సామాన్ల కొట్టంతా గాలించి, మరో బండి కవరు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆదివారం బండి స్టార్టయింది. మందిరం గేటు దాకా అమ్మ ఆ చప్పుడు వింటూ కళ్ళు తుడుచుకుంటుంటే ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, తప్పు చేసినా. నాయన కాలి గుర్తును కరగబెట్టేసినా."

"ఏం గుర్తురా?"

"కవరు మీద... బ్రేకు తొక్కి తొక్కి అరిగింది..."

అమ్మ నన్ను వింతగా చూసింది. "మీ నాయన బ్రేకు తొక్కిందెప్పుడురా? రెండు కాళ్ళూ నేలకు ఈడ్చి ఆపేవోడు. ఏడాదికి నాలుగు జతల చెప్పులు! ఆ నునుపు కొన్ననాడే ఉండాది. అంతకుముందు ఆ బండి ఎవురిదో ఏమో!" అని, ఏడాది తర్వాత మొదటిసారి, కడుపు పట్టుకుని నవ్వింది.

కాబట్టి మందిరం గేటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో వెల్డింగ్ గొట్టం ముట్టను. మా అమ్మనడక్కుండా ఎవరి కాలి గుర్తు కోసమూ ఏడవను. బ్రేకు కూడా తొక్కడం లేదు లెండి. ఈ ఏడు ఇది మూడో జత చెప్పులు.