ఐసు చేపల లారీ డ్రైవరు నిద్ర

వెంకటప్పయ్యకి నిద్ర పట్టదు. ఈ సంగతి పటమటలోని ఆ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ దగ్గర్నుంచి అయిదో అంతస్తు వాళ్ళ దాకా అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరన్నా మిగిలితే లిఫ్టులో పట్టుకుని ఆయనే చెప్తాడు. డెబ్భై ఒక్కేళ్ళు వచ్చాక చెప్పుకోవడానికి మనిషికి ఏదో ఒక ఘనకార్యం ఉండాలి కదా. ఆయనకి ఇదీ.

చేయని వైద్యం లేదు. పరుపు మార్చారు. తల తూర్పుకి పెట్టుకోమన్నారు, కాదు దక్షిణానికన్నారు. పాపం ఆ మంచం గదిలో నాలుగు దిక్కులూ తిరిగి మళ్ళీ మొదటి చోటికే వచ్చింది. సాయంత్రం కాఫీ మానేశాడు, రాత్రి గసగసాల పాలు తాగాడు. కొడుకు బాబీ ఓ వాచీ తెచ్చి చేతికి కట్టాడు. నాన్నగారు రాత్రి గంటా పది నిమిషాలు పడుకున్నారని అది పొద్దున్నే చెప్పేది. ఆ ముక్క తనకి ముందే తెలుసు కాబట్టి ఆయన దాన్ని విప్పి ఫ్రిజ్ మీద పడేశాడు.

అలాగని పగలు కూడా నిద్ర పట్టదేమో అనుకునేరు. పగలు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. క్షవరం చేయించుకుంటూ పడుకుంటాడు. భార్య పద్మావతమ్మ వన్ టౌన్‌లో చీరలు చూస్తుంటే కొట్లో గోడకి జారబడి గుర్రు పెడతాడు. మేనకోడలి పెళ్ళిలో, సన్నాయి మేళం పక్క కుర్చీలోనే నోరు తెరుచుకుని పడుకున్న ఫొటో ఆల్బమ్‌లో భద్రంగా ఉంది. రాత్రి ఇంట్లో దీపాలార్పి అందరూ పడుకున్నాకే ఆయనకి అసలు పని మొదలవుతుంది. గ్యాస్ కట్టారా, తలుపు గడియ వేశారా అని చూసుకుంటూ హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతాడు. మధ్యమధ్యలో వచ్చి "పడుకున్నావా?" అని భార్యని అడుగుతాడు. పడుకున్న మనిషి ఆ ప్రశ్నకి ఏమని జవాబివ్వాలో పద్మావతమ్మకి ఇప్పటికీ తెలియదు.

ఇదే మనిషి ముప్పై ఏళ్ళు కైకలూరు నుంచి హౌరాకి ఐసు చేపల లారీ తోలాడు. ఐసు కరిగేలోగా సరుకు చేరాలి కాబట్టి బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండేవాళ్ళు. ఒకడు తోలుతుంటే రెండోవాడు సీటు వెనక బల్ల మీద పడుకోవాలి. తోలేవాడికి తూగొస్తే పడుకున్నవాణ్ణి లేపాలి, వాడు ముందుకొచ్చి కబుర్లు చెప్పాలి. అదీ ఆ బండి మీద కట్టుబాటు. ఆ బల్ల మీద గోతుల్లో ఎగిరెగిరి పడుతూ, చేపల కంపులో, హారన్ల మోతలో వెంకటప్పయ్య మహారాజులా నిద్రపోయేవాడు.

రెండో డ్రైవరు సొలొమోను. పన్నెండేళ్ళు ఇద్దరూ కలిసి తిరిగారు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక రాత్రి, బరంపురం దాటాక, ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్ది సొలొమోను చనిపోయాడు. బల్ల మీదున్న వెంకటప్పయ్య భుజం విరిగింది. నిద్రొస్తే తనని లేపొచ్చుగా, లేపలేదని వెంకటప్పయ్య అందరికీ చెప్పాడు. లేపకుండా తోలాడంటే తాగే ఉంటాడని లోకం ఆ మాటకి ఇంకో మాట కలిపింది. ఇలాంటివి కలపడానికి లోకానికి ఎప్పుడూ తీరికే.

సరే, చివరికి బాబీ ఆయన్ని గవర్నర్‌పేటలో ఓ నిద్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రాత్రంతా అక్కడే పడుకోబెట్టి పరీక్ష చేస్తారట. తలకీ ఛాతీకీ వైర్లు అంటించారు. అద్దం అవతల ఒక మనిషి కంప్యూటరు ముందు కూచున్నాడు. తెల్లార్లూ మేలుకునే ఉంటావా అని వెంకటప్పయ్య అతన్ని అడిగాడు. అదే తన డ్యూటీ అన్నాడతను. వెంకటప్పయ్య అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున ఆరింటికి భుజం పట్టి కుదిపి లేపాల్సి వచ్చింది.

ఈ వయసులో ఇంత చక్కటి నిద్ర తాను చూడలేదని డాక్టరు మెచ్చుకున్నాడు. ఇంటికొస్తూ బెంజ్ సర్కిల్ దాటాక బాబీ, ఇంట్లో ఎవరి మీదన్నా కోపముంటే నేరుగా చెప్పెయ్యమన్నాడు.

పద్మావతమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ డాక్టరు కాదు కదా, యాభై ఏళ్ళుగా ఆయన పక్కన పడుకుంటున్న మనిషి మాత్రమే. చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విని, అద్దం అవతల మనిషి రాత్రంతా మేలుకునే ఉన్నాడా అని ఒక్క ప్రశ్న అడిగింది. ఆ రాత్రి మంచం పక్కన కుర్చీ వేసుకుంది, ఫోన్లో సీరియల్ పెట్టుకుంది, తాను మేలుకుంటానని చెప్పి పడుకోమంది. అయిదు నిమిషాల్లో గురక. రెండో రాత్రీ అంతే. వాచీ, పరుపు, డాక్టరు చేయలేని పని ఒక ప్లాస్టిక్ కుర్చీ చేసింది.

మూడో రాత్రి ఒంటిగంటకి ఆవిడకి ఇక నిద్ర ఆగలేదు. ఆయన్ని తట్టి లేపింది.

"ఏవండీ, నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి. కాసేపు ఏదన్నా మాట్లాడండి."

వెంకటప్పయ్య దిగ్గున లేచి కూచున్నాడు.

"వాడూ ఇదే అడిగాడు."

"ఎవరు?"

"సొలొమోను. అన్నా, నిద్దరొచ్చేస్తంది, ముందుకొచ్చి కాసేపు మాట్లాడు అని లేపాడు. అయిదు నిమిషాల్లో వస్తానని అటు తిరిగి పడుకున్నా."

పద్మావతమ్మకి ఒళ్ళు మండిపోయింది. తన పసుపుకుంకాలు తుడిచిపెట్టబోయాడని ఆ చనిపోయినవాణ్ణి ఇన్నేళ్ళూ ఆవిడ తిట్టని తిట్టు లేదు. ఆ తిట్లన్నీ పక్కన కూచుని వింటూ ఈయన ఒక్కసారి కూడా వద్దనలేదు.

"ఇది నాకు చెప్పాల్సిన మాట కాదు. అతని భార్య అమలమ్మకి చెప్పాలి."

ఒకరోజు వెళ్ళి చెప్తానన్నాడాయన. ఇరవై రెండేళ్ళలో ఆ ఒకరోజు రాలేదా అని అడిగి, ఆవిడ లేచి సంచి సర్దింది. తెల్లారి మొదటి బస్సుకే ఇద్దరూ కైకలూరు వెళ్ళారు.

అమలమ్మ చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉంటోంది. వీళ్ళని చూడగానే కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, అన్నయ్యగారి భుజం నొప్పి తగ్గిందా అని అడిగింది. తన నిద్ర గురించి లిఫ్టులో గంటలకొద్దీ చెప్పే మనిషికి ఈ సంగతి చెప్పడానికి నాలుగు మాటలు సరిపోయాయి. అవి కూడా నేల చూసి చెప్పాడు.

అమలమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూచుంది.

"నీ తండ్రి తాగి తోలాడని బళ్ళో పిల్లలు మావాణ్ణి ఏడిపించేవాళ్ళండి. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. ఈనాటికీ వాళ్ళ నాన్న ఫొటో గోడకి పెట్టనివ్వడు. చెరువు మీద పనిలో ఉన్నాడు, పిలిపిస్తాను. ఆ మాట వాడికి కూడా చెప్పండి, అన్నయ్యగారూ."

వెంకటప్పయ్య లేవబోతూ, వెళ్దామన్నట్టు భార్య వంక చూశాడు. పద్మావతమ్మ తన కుర్చీని గుమ్మానికి అడ్డంగా జరుపుకుని కూచుంది.