బ్రౌజర్ మార్చిన వారం

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో నాకొక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. సర్టిఫికెట్లకు దరఖాస్తులు పెడతాను, కాలేజీ ఫారాలు నింపుతాను, ముసలివాళ్ల వేలిముద్రలు తీసుకుంటాను. ఎనిమిదేళ్లలో కంప్యూటర్ రెండుసార్లు మారింది కానీ బ్రౌజర్ మారలేదు. అందరూ వాడేదే నేనూ వాడాను. పాస్‌వర్డులన్నీ అదే గుర్తుపెట్టుకునేది. కొత్త ఫోన్ కొన్నప్పుడు అందులోనూ అదే ఖాతా పెట్టుకున్నాను. ఇంట్లో ఫోన్లో చూసింది దుకాణంలో దొరుకుతుంటే ఎంత సుఖం అనుకున్నాను.

నా బల్ల మీద రెండు స్క్రీన్లు ఉంటాయి. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా మనుషులు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే నేను కొట్టేది వాళ్లూ చూసుకునేలా రెండోదాన్ని వాళ్ల వైపు తిప్పి పెట్టాను.

పోయిన మార్చిలో ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీ అంత గడ్డ చేతికి తగిలింది. మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. అప్పుడు మా అమ్మాయికి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు జరుగుతున్నాయి. మా ఆయన సరుకుల బండి మీద వారంలో నాలుగు రోజులు రాయచూరు వైపే ఉంటాడు. నాగర్‌కర్నూల్‌లో ఉన్న నేను ఆపా అని పిలిచే మా అక్కకు ఒక్కదానికే ఫోన్ చేసి చెప్పాను.

"వచ్చే శనివారం రా, ఇక్కడ దవాఖానల చూపిద్దం," అంది ఆపా. "గప్పటిదాంక ఎవ్వరికి చెప్పకు. పిల్ల పరీక్షలు కానీ."

చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. నోటితో చెప్పలేదు, అంతే. పాలు కాగేలోపు ఫోన్ తీసేదాన్ని. దుకాణానికి నడిచి వస్తూ ఒక గోడ పక్కన ఆగి మళ్లీ తీసేదాన్ని. మనిషిని అడగలేనివన్నీ దాన్ని అడిగాను. నొప్పి లేకపోతే మంచిదా చెడ్డదా, తల్లికి వస్తే కూతురికి వస్తుందా, కూతురి కూతురికి కూడానా. ఎదురుగా మనిషి ఉంటే ముఖం చూసి మనం ఆగిపోతాం. దానికి ముఖం లేదు కాబట్టి ఆగలేదు.

మంగళవారం పొద్దున ఎదుటి గాజుల దుకాణం ఆమె చిన్న కొడుకు జనన ధ్రువీకరణ పత్రం కోసం వచ్చింది. వెంట పెద్ద కూతురు ఉంది. ఆ పిల్ల, మా అమ్మాయి ఒకే క్లాసు. ఇద్దరూ బల్లకు అటువైపు కూర్చొని తమ స్క్రీన్ చూస్తున్నారు. 'బర్త్' అని కొట్టబోయి మొదటి అక్షరం నొక్కానో లేదో, పైనున్న గడి కింద వరుస తెరుచుకుంది. 'బ్రెస్ట్ లంప్ క్యాన్సర్.' దాని కింద 'బయాప్సీ నాగర్‌కర్నూల్.' దాని కింద ఇంకోటి.

గబగబా మిగతా అక్షరాలు కొట్టేశాను. ఆ రెండు క్షణాలు చాలు. తల్లికి ఇంగ్లీషు రాదు, ఆధార్ కార్డు సంచిలో వెతుక్కుంటోంది. పిల్ల మాత్రం స్క్రీన్ వైపు చూసి, నా వైపు చూసి, తల దించుకుంది. నేను ఏమీ జరగనట్టు "తండ్రి పేరు సరిగ్గ ఉన్నదా చూడు బిడ్డా," అన్నాను. "ఉంది ఆంటీ," అంది. వాళ్లు వెళ్లాక చాలాసేపు ఎవరి పనీ పట్టలేదు.

మరునాడు పరీక్ష రాసి మా అమ్మాయి నేరుగా దుకాణానికే వచ్చింది. హాల్ టికెట్ ఇంకా చేతిలోనే ఉంది. లోపలున్న ముసలాయన వేలిముద్ర వేసి బయటికి పోయేదాకా నిలబడి, తర్వాత అడిగింది.

"అమ్మీ, నీకు క్యాన్సరా?"

"ఎవరన్నరు?"

"నా దోస్తే. లోపలికి పోయేముందు నా చెయ్యి పట్టుకొని, మీ అమ్మకు ఎట్లుంది అన్నది. పాపం, నాకు తెలుసనుకున్నది." గొంతు ఎత్తకుండానే చెప్తోంది. "లాస్ట్ క్వశ్చన్ సగమే రాసిన."

పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాననీ, ఇంకా ఏమీ తేలలేదనీ చెప్పాను. ఆమె విని, కంప్యూటర్ వైపు చూసింది.

"నాకు చెప్పలే. అబ్బాకు చెప్పలే. దానికి చెప్పినవ్."

అప్పుడు నాకు కోపం వచ్చింది, కూతురి మీద కాదు. ఆమెను ఇంటికి పంపి, ఖాతా లోపలికి వెళ్లి అది నా గురించి ఏం దాచుకుందో చూశాను. అన్నీ ఉన్నాయి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం వెతికానో. గోడ పక్కన ఆగిన చోటు కూడా ఉంది. మా అక్కకు కూడా చెప్పని ప్రశ్నలు వరుసగా, శుభ్రంగా రాసి ఉన్నాయి. నేను ఇంట్లో మనిషిలా చూసుకున్న బ్రౌజరే నా ముందు నా మాటలు రాసుకుంటూ కూర్చుందని ఎనిమిదేళ్లు తెలియలేదు.

మా తమ్ముడి భార్య వనపర్తిలో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్తుంది. ఆమెకు ఫోన్ చేసి, గడ్డ సంగతితో సహా మొత్తం చెప్పాను.

ముందు గడ్డ గురించే అడిగింది. తర్వాత, "ఆపా, కోపానికి రాకు," అంది. "ఖాతా పెట్టినప్పుడు అడిగి ఉంటది. నువ్వు సరే అని నొక్కి ఉంటవ్."

"అన్నిటికీ సరే అనే నొక్కుతం గద. ఎవరు చదువుతరు?"

"గదే దానికి కావల్సింది. ఇప్పుడైతే ఖాతాల నుంచి బయటికి రా. ఇంకో బ్రౌజర్ చూసుకో. ఏది పెట్టినా ముందు సెట్టింగ్స్ చదువు."

ఆమె మూడు పేర్లు చెప్పింది. మొదటిది తెరవగానే సినిమా వార్తలు, చీరల ప్రకటనలు మీద పడ్డాయి. అడగని మాటలు చెప్పేది అడిగినవి ఎక్కడ దాస్తుందో అనిపించి ఆ గంటలోనే తీసేశాను. రెండోది నాకు నచ్చింది. మూసేయగానే అంతా మరచిపోతుంది. కానీ దానిలో వేలిముద్ర యంత్రం పని చేయలేదు. పింఛను కోసం ఎండలో వచ్చిన ఒక అవ్వ నాలుగుసార్లు వేలు పెట్టి, "నా వేళ్లే అరిగిపోయినయేమో బిడ్డా," అని తనను తాను తిట్టుకుంది. నా పట్టుదలకు ఆమెను నిలబెట్టడం సిగ్గనిపించి పాతదే తెరిచాను. అది మొదటిసారికే వేలిముద్ర తీసుకుంది. దానిమీద నాకున్న కోపం ఇంకా పెరిగింది.

శుక్రవారం పరీక్షలు అయిపోయాక మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మూడో బ్రౌజర్ తానే దించి, ఒక్కో సెట్టింగు పైకి చదివింది. గుర్తుపెట్టుకోవాలా, పంపాలా, పంచుకోవాలా అని అది అడిగిన ప్రతిదానికీ నా ముఖం చూసి, నేను వద్దన్నాకే నొక్కింది. చివరికి ఇద్దరం తేల్చుకున్నది ఇది: వేలిముద్రలకు మాత్రం పాతది, ఖాతా లేకుండా. మిగతా అన్నిటికీ కొత్తది. పాస్‌వర్డులు ఇకమీదట నేనే గుర్తుపెట్టుకోవాలి.

శనివారం నాగర్‌కర్నూల్ బస్సులో నా పక్కన మా అమ్మాయే ఉంది. నేను రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. ఆపా దవాఖాన గేటు దగ్గర ఎదురుచూస్తోంది. స్కానింగ్ చేసి, సూదితో నీళ్లు తీసిన డాక్టరమ్మ, "ఇది ఉత్త నీళ్ల గడ్డ. మీ అమ్మకు ఉండె కాబట్టి ఏడాదికోసారి చూపించుకో," అంది. ఆపా అక్కడే ఏడ్చింది. మా అమ్మాయి మాత్రం డాక్టరమ్మను అడిగింది, తాను ఏ వయసు నుంచి చూపించుకోవాలని. ఆ ప్రశ్న నేను ఫోన్‌ను అడిగాను. ఆమె మనిషిని అడిగింది.

ఆదివారం దుకాణం తెరవకుండా, పాత బ్రౌజర్‌లో మిగిలినవి తుడిచేద్దామని కూర్చున్నాను. నావి తుడిచాక ఫారాలు నింపేటప్పుడు దానంతట అదే దాచుకున్నవి కనిపించాయి. పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు. ఎనిమిదేళ్లుగా నా బల్ల ముందు కూర్చున్నవాళ్లవి. ఒంటరి మహిళ పింఛనుకు వచ్చి మొగుడు వదిలేశాడని నాకొక్కదానికే చెవిలో చెప్పిన అమ్మాయిది ఉంది. గాజుల దుకాణం ఆమెది కూడా ఉంది. వాళ్లు దాన్ని నమ్మలేదు, దాని పేరు కూడా వాళ్లకు తెలియదు. నన్ను నమ్మారు.

ఒక్క మీట నొక్కితే అన్నీ పోతాయి. కానీ నేను ఒక్కో పేరు చదువుతూ తీసేశాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటింది.

గాజుల దుకాణం ఆమెకు పత్రం ఇవ్వడానికి సోమవారం నేనే వెళ్లాను. మా ఇంటి సంగతి తన కూతురు చెప్పినట్టుంది, నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"మా పిల్ల తెల్వక అడిగింది అక్కా. తప్పైంది."

"పిల్లది తప్పు లేదు," అన్నాను. "నీ ఫోన్ నంబరు, ఆధారు నా కంప్యూటర్ల ఇన్ని రోజులు ఉండె. నాకు తెల్వలే. నిన్న తీసేసిన."

ఆమెకు అర్థం కాలేదు. "నీ దగ్గర ఉంటే ఏమైతది అక్కా," అని నవ్వి, గాజుల పెట్టె సర్దుకుంది. నేను పత్రం ఆమె చేతిలో పెట్టి లేచి వచ్చాను.

మా అమ్మాయికి ఆ పేపర్‌లో అనుకున్నదానికన్నా తక్కువ మార్కులు వచ్చాయి. ఆ మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. నా ఫోన్లో ఇప్పటికీ అప్పుడప్పుడు క్యాన్సర్ ఆసుపత్రుల ప్రకటనలు వస్తుంటాయి. ఖాతా తీసేసినా, బ్రౌజర్ మార్చినా, నా భయం ఎవరి చేతికి పోయిందో వాళ్లు దాన్ని ఇంకా వదల్లేదు.