జొన్న చల్లిన మేత మడి

అరవై మూడో, అరవై నాలుగో సంవత్సరం. దర్శి వైపు చిట్టడవిలో ఫారెస్టరుగా ఉన్నాను. జింకలు రైతుల పత్తి చేల మీద పడకుండా, అడవి అంచున ఉలవలూ గడ్డీ పెంచిన మేత మడులు చూసుకోవడం నా పనుల్లో ఒకటి. ఆ ఏడాది వాటిలో ఓవర్ సీడింగ్ చేయమన్నారు. అంటే ఉన్న పచ్చికను దున్నకుండా, పైపైన గీరి కొత్త విత్తనం చల్లడం. పిల్లిపెసర, జొన్న కలిపి చల్లాం.

ఒక మడిని ఆనుకునే షేక్ మస్తాన్ పత్తి చేను. మాతో కలిసి అతనే గొర్రు లాగాడు. తొలి వానలకు జొన్న ఏపుగా లేచింది. ఎక్కడెక్కడి జింకలో అక్కడ చేరాయి. మస్తాన్ పత్తిలో ఒక్క ఆకు రాలలేదు.

తర్వాత వాన మొహం చాటేసింది. పిల్లిపెసర మాడిపోయింది. జొన్న మోకాలెత్తున గిడసబారింది. అలా ఎండకు వాడిన లేత జొన్నలో విషం పుడుతుంది. మా వైపు దాన్ని నాము అంటారు.

"నా గొడ్లని కట్టేసుకున్నానండి. జింకల్నెవరు కడతారు?" అన్నాడు మస్తాన్.

రోజూ మబ్బు పడుతోంది. నాలుగు చినుకులు రాలితే పైరు తిప్పుకుంటుందని, విషం విరుగుతుందని ఆశపడి కోయకుండా ఉంచాం. ఒకనాడు తెల్లవారి వెళ్తే మడిలో ఏడెనిమిది జింకలు పొట్టలుబ్బి పడి ఉన్నాయి. ఒక తల్లి జింక ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. మేం చూస్తుండగానే పోయింది.

ఊళ్లోవాళ్లు మస్తానే మందు పెట్టాడన్నారు. రేంజరు గారు వస్తూనే, నాము కావచ్చని నేనంటున్నా వినకుండా అతని మీద కేకలేశారు.

"పత్తికి కొట్టే మందు ఇక్కడ చల్లావా లేదా? నిజం చెప్పు!"

"నా చేను కాసింది ఈ మడేనండీ. దీన్ని నేనెందుకు పాడుచేసుకుంటాను?" అన్నాడు మస్తాన్.

పశువుల డాక్టరు వచ్చేదాకా అతన్ని వేపచెట్టు కింద దొంగలా కూర్చోబెట్టారు. అతని భార్య ఖాసింబీ దూరంగా నిలబడి చూస్తోంది. డాక్టరు పొట్ట కోశాడు. అంతా జొన్నాకే. "ఇది నాము. మందు కాదు" అన్నాడు. ఎవరూ మస్తాన్‌కి తప్పయిందని చెప్పలేదు. రేంజరు గారు జొన్న కోసి తగలబెట్టమని చెప్పి వెళ్లిపోయారు.

కొడవళ్లు తెచ్చాం. మస్తాన్ కూడా తనది పట్టుకొచ్చాడు.

"ఇది కోస్తే జింకలు నీ చేలో పడతాయి మస్తానూ" అన్నాను.

"తెలుసండి. ఇక్కడ మేసి చావడం చూస్తూ ఊరుకోమంటారా?"

పొద్దుగూకేలోపు మడి బోడిదైంది. మూడోనాటికి మంద పత్తిలో దిగింది. మస్తాన్, ఖాసింబీ డబ్బాలు వాయించారు, అరిచారు. నేనూ మా వాచర్లూ వెళ్లి తోలాం. ఇటు తోలితే అటు దిగేవి. అంత ఆకలి. నెల తిరిగేసరికి చేలో మోళ్లు మిగిలాయి. ఆ శీతాకాలం దంపతులిద్దరూ పొగాకు కాల్చే బేరన్లలో కూలికి పోయారు. మళ్లీ సొంత సేద్యానికి రాలేదు.

ఆ తర్వాత ఏ మడిలో కొత్త విత్తనం వేయమన్నా, వాన రాకపోతే ఆ మొక్క ఏమవుతుందని ముందడిగేవాణ్ణి. వచ్చి చేరిన మూగజీవాలు అప్పుడేం తింటాయి, పక్క చేను ఎవరిదని కూడా అడిగేవాణ్ణి. విసుక్కున్న అధికారులున్నారు. జవాబు దొరికేదాకా గింజ చల్లనివ్వలేదు.