బొట్టు కింద నంబరు

చిత్తూరు పాత బస్టాండు ఎనక సందులో మునిరత్నం కారు స్టీరియోలు బాగుచేస్తా ఉండేవాడు. పక్క అంగడి నాది, సీటు కవర్లు కుట్టేది. నేను పదో తరగతి నాలుగుసార్లు రాసినాను, నాలుగుసార్లూ ప్రశ్నపత్రమే ఓడిపోయింది. మునిరత్నం ఎనిమిదితోనే ఆపేసినాడు గానీ, ఆయప్ప వేళ్ళకు చదువుండాది. కండ్లు మూసుకోని తడిమి తీగ రంగు చెప్పేవాడు. అబద్ధమైతే నా కుట్టుమిషను మీద ఒట్టు. ఒకసారి ఆయప్ప బిగించిన స్పీకర్ల దెబ్బకు బంగారుపాళ్యంలో ఒక తోట తోటంతా మామిడికాయలు రాలిపోయినాయి. కోతకూలి మిగిలిందని ఆ రైతు పూలదండ తెచ్చినాడు.

"ఫారిన్ కారులో ఇంజను కడాన సస్తాది, పాట ముందు సస్తాది," అనేవాడు మునిరత్నం. "గుండీల మీది రబ్బరు బెల్లంపాకం మాదిరి చేతికంటుకుంటాది. తెర మీద అక్షరాలు ముసలోడి పండ్ల మాదిరి ఒక్కొక్కటే రాలిపోతాయి. క్యాసెట్ తిప్పే బెల్టు కరిగి తారైపోతాది. సీడీ చదివే కంటికి పొర కమ్ముతాది. కంపెనీవోడు పదేండ్లకని చేస్తాడబ్బా, మనోళ్ళు పదేండ్లు దాటినాకే కొంటారు."

అట్ట కొన్నోడే వరదయ్య. పలమనేరు దోవలో గ్రానైటు క్వారీ ఆయప్పది. 2007లో బెంగళూరు నుంచి పదేండ్ల నాటి జర్మనీ కారు తెచ్చినాడు. పాటల పెట్టె, దారి చూపే తెర రెండూ ఒకటే దాంట్లో. తెరలో ఉండే పటమేమో జర్మనీది. చిత్తూరులో తెర వెలిగిస్తే తెల్లటి బయలు, నడిమధ్యన ఒంటిబాణం. ఊరూ లేదు, దోవా లేదు. "సూడండప్పా, నా బండి వస్తావుంటే ఊర్లకు ఊర్లే తప్పుకుంటాయి," అనేవాడు వరదయ్య. కోతలు కొయ్యడంలో నా తరవాత ఆయప్పే.

ఒకదినం ఆ కారు బ్యాటరీ చచ్చింది. డ్రైవరు కుప్పయ్య కొత్తది పెట్టినాడు. పాటల పెట్టె మూగదైపోయింది. ఆ పెట్టెలకు అదొక గుణం: కరెంటు తెగితే ఎవరో దొంగ పీక్కోనొచ్చినాడని అనుమానపడి నాలుగంకెల నంబరు అడుగుతాది. కుప్పయ్య మనోళ్ళు ఎవురైనా చేసే పనే చేసినాడు. 1116 కొట్టినాడు. శుభం గదా! కాలేదు. కారు నంబరు కొట్టినాడు. పెట్టె బిగుసుకోని తాళమేసుకునింది.

ఆ పొద్దే వరదయ్య కొడుక్కు పిల్లనిచ్చే కాబోయే వియ్యంకుడు ఏకాంబరం ఆ కారెక్కినాడు. "ఏం వరదయ్యా, కారుకు మాటలు రావా? పెండ్లికొడుక్కన్నా వస్తాయా?" అని ఇగిలించినాడంట.

వరదయ్య ఇంటికొచ్చి కుప్పయ్యను చెప్పుతో కొట్టినాడు. ముందరి పండ్లు రెండు రాలినాయి. మిగిలినవి కాపాడుకునేదానికి కుప్పయ్య ఒక మాటన్నాడు. "నేను కాదన్నా. పోయిన వారం స్పీకరు మార్చినాడే మునిరత్నం, వాడే తాళమేసిండాడు."

మధ్యాన్నం మూడుకు కారొచ్చి మా సందులో నిలబడింది. వరదయ్య, కుప్పయ్య, క్వారీ మనుషులు ముగ్గురు. ఒకడు ఇనపరాడ్డుతో అంగడి అద్దాలు దించేసినాడు. ఇంకొకడు మునిరత్నాన్ని జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చి, బూటుకాలితో మూతి మీద తన్నినాడు. నెత్తురు చొక్కా మీదికి దిగింది. నేను ఆ ముగ్గుర్నీ ఒంటిచేత్తో మడిచి సంచిలో పెట్టుండేవాణ్ణే. ఏం చేసేది, ఆ టయానికి కుట్టుమిషను కింద సూది వెతుకుతా ఉంటిని. శానాసేపు దొరకలేదు.

"నంబరు చెప్పరా," అన్నాడు వరదయ్య.

"నాకు తెలీదన్నా. తాళమేసింది నేను కాదు."

"ఏ చేత్తో ఏసినావు? కుడిచెయ్యే గదా?"

ఆ చెయ్యి తీసి కారు తలుపు సందులో పెట్టినారు. తలుపు మెత్తగా పడాలని జర్మనీవోడు రబ్బరు కట్టినాడు గానీ, ఆ రబ్బరు కూడా ముసలిదైపోయి ఊడిపోయిండాది. చెరుకు విరిచినట్టు శబ్దం. నడిమివేలు, ఉంగరంవేలు రెండూ విరిగిపోయినాయి. మునిరత్నం అరిచిన అరుపుకు టీకొట్టు కాడ జనం లేచి నిలబడినారు. ఒక్కడూ ముందుకు రాలేదు.

"ఇంగా మూడుండాయి," అన్నాడు వరదయ్య.

మునిరత్నం రొప్పుతానే చెప్పినాడు. "అన్నా, ఇంగోసారి తలుపేస్తే ఏలు పోతాది గానీ నంబరు రాదు. కారు తాళంచెవి తిప్పి గంటసేపు కదిలించకుండా పెట్టల్ల. అప్పుడు ఇంగో రెండుసార్లు కొట్టనిస్తాది. ఆ గంట నాకియ్యి."

"గంట. దాటితే చెయ్యే ఉండదు."

బ్యాటరీ దిగిపోకుండా బానెట్టెత్తి ఛార్జరు తగిలించినారు. మునిరత్నం చేతికి పాతగుడ్డ చుట్టుకోని, "కారుతో పాటొచ్చిన కాగితాలేవి?" అనడిగినాడు. కుప్పయ్య డాష్‌బోర్డు అరలోంచి ఒక అట్టముక్క తెచ్చినాడు. నాలుగు మూలలా పసుపు, నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు. ఆయుధపూజకు కాగితాలన్నీ దేవుడి ముందర పెట్టి పూజ చేసినారు గదా! పెట్టె నంబరు సరిగ్గా ఆ బొట్టు కింద రాసుండాది. తుడిస్తే కుంకుమతో పాటు సిరా కూడా ఊడొచ్చింది.

మునిరత్నం అట్ట తిరగేసినాడు. కండ్లు మూసుకోని ఎడమచేతి బొటనవేలితో తడిమినాడు. రాసినోడెవడో పెన్ను గట్టిగా ఒత్తి రాసిండాడు, ఎనకతట్టు రవంత ఉబ్బింది. మూడంకెలు తెలిసినాయి. నాలుగోది మూడో ఎనిమిదో తేలలేదు.

గంటయింది. మునిరత్నం కారులో కూచోని, గుడ్డచుట్టిన చెయ్యి అడ్డం పెట్టి, ఎవురికీ కనపడకుండా నొక్కినాడు. కాలేదు. వరదయ్య తలుపు మీద చెయ్యేసినాడు. మునిరత్నం మళ్ళీ నొక్కినాడు.

పెట్టె భళ్ళుమని మాట్లాడింది. రేడియోలో టమోటా ధరలు చెప్తా ఉండారు. జనం పక్కున నవ్వినారు. టీకొట్టు కాడినుంచి ఎవురో అరిచినారు. "ఇంతకీ ఆ బొట్టు పెట్టిందెవురబ్బా?"

"వరదయ్యన్నే పెట్టినాడు," అన్నాడు కుప్పయ్య, పండ్లు లేని నోటితో.

వరదయ్య మొగం నల్లబడింది, మునిరత్నం తట్టు తిరిగినాడు. "నన్ను నవ్వులపాలు చేస్తావారా? పెట్టండ్రా వాడి చెయ్యి మళ్ళా!"

ముగ్గురూ కదిలేలోపల మునిరత్నం కారు దిగి, ఆ అట్టముక్క నోట్లో వేసుకోని నమిలి మింగేసినాడు. బానెట్టు కాడికి పోయి, ఎడమచేత్తో ఛార్జరు పెరికేసి, బ్యాటరీ తీగ పీకి మళ్ళా పెట్టినాడు. టమోటా ధర సగంలో ఆగిపోయింది. తెర మీద మళ్ళీ అదే ప్రశ్న.

"ఇప్పుడు నంబరు నా తలకాయలో తప్ప యాడా లేదు," అన్నాడు. "చెయ్యి పోతే తలకాయ కూడా మర్చిపోతాది. ఎల్లుండి నిశ్చితార్థానికి ఏకాంబరాన్ని మూగకారులో తీసుకోనిపో."

వరదయ్య రాడ్డు అందుకోని ఎత్తినాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండాది. మునిరత్నం కండ్లు ఆర్పలేదు. కడాకు రాడ్డు కింద పడేసి, "ఆస్పత్రికి తీసుకోనిపోండ్రా," అన్నాడు.

ఆ కారులోనే తీసుకోనిపోయినారు. తోలుసీటు మీద నెత్తురు మరక పోనేలేదు. దాని మీద కవరు కుట్టింది నేనే, చిత్తూరు జిల్లాలో అంత సన్నంగా ఇంకెవుడూ కుట్టలేడు.

వేళ్ళు రెండూ వంకరగానే అతుక్కున్నాయి. ముసలికారుకు ఆరునెల్లకోసారి బ్యాటరీ చచ్చేది. చచ్చినప్పుడల్లా వరదయ్య మా సందుకే రావల్ల. మునిరత్నం సీట్లో కూచోని, మంచివేళ్ళు మూడుండినా, ఆ వంకరవేలినే గుండీల మీదికి తెచ్చేవాడు. తెచ్చి, నొక్కకుండా ఆపేవాడు.

"అన్నా, ఆ గోడ తట్టు తిరుక్కో."

వరదయ్య ఎండలో గోడ తట్టు తిరిగి నిలబడుకునేవాడు.