అమ్మ తుంటికి ఒక సైజు వదులు

ఎముకల డాక్టరుకు ఎముకల గురించి పాఠం చెప్పి, కన్నతల్లి ఆపరేషన్‌ను దాదాపు చెడగొట్టినంత పని చేసిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

చార్మినార్ దగ్గర మాది తాతల నాటి గాజుల దుకాణం. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. చెయ్యి చూడగానే గాజు సైజు చెప్పేవాణ్ణి. ఈ విద్య ముందు మిగతా చదువులన్నీ దిగదుడుపని నా నమ్మకం. అమ్మకేమో తుంటి కీలు అరిగిపోయింది. ఏడాదిగా దుకాణం మెట్లెక్కలేదు. గడప దాటాలన్నా నా భుజం పట్టుకునేది. చూస్తే ఏడుపొచ్చేది.

సైదాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు గుంటూరు మనిషి. ఎక్స్‌రే చూపిస్తూ, "అరిగిన కీలు తీసేసి, కొత్త కీలు నిలవడానికి తొడ ఎముక లోపలికి లోహపు కాడ దింపుతామండి. సిమెంటు వాడం. బిగువుగా కూర్చుంటే ఎముకే దాన్ని పట్టుకుని పెరుగుతుంది" అన్నారు.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఒక సైజు వదులు ఏయండి సార్. సాయంత్రానికి చెయ్యి ఉబ్బుతది కద."

"ఇది చెయ్యి కాదండి."

"ఏదైనా ఒంట్లదే కద సార్."

"వదులైతే కాడ కిందికి జారుతుంది. అడుగేస్తే నొప్పి. మళ్లీ కోయాలి."

తల ఊపాను గానీ నమ్మలేదు. గుడ్డికన్నా మెల్ల నయమన్నట్టు, బిగువుకన్నా వదులు నయమన్నది మా దుకాణం వేదం. ఇంటికొచ్చి అమ్మకు బోధించాను.

"టైటుగ ఏస్తే ఎముక పటుక్కుమంటదమ్మా. చిన్న గాజు తొడిగితే పగుల్తలేదా?"

అమ్మ నలభై ఏళ్లు గాజులు తొడిగిన మనిషి. పగలడమంటే ఏమిటో ఆమెకు వివరించక్కర్లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగిపోయింది. అమ్మ రెండు చేతులతో తలుపు పట్టుకుంది. "నేను రాను. ఎముక పగుల్తదని మా పిలగాడు చెప్పిండు."

డాక్టరుగారు నావైపు చూశారు. "ఏం చెప్పారండీ మీ అమ్మగారికి?"

అమ్మ ఇక నడవకపోతే దానికి కారణం నా నోరే. భూమి చీలితే అందులో దూరడానికి సిద్ధంగా ఉన్నాను. సైజు కూడా చూసుకోకుండా.

ఆయన అమ్మవైపు వంగారు. "గాజు కాస్త వదులుగా ఎందుకిస్తారమ్మా?"

"మళ్ల తీయాలె కద సారూ."

"నేను పెట్టేది తీసేది కాదమ్మా."

అమ్మ నావైపు తిరిగి, "గింత ముచ్చట నీకు తెల్వదారా?" అని తలుపు వదిలేసింది.

నడుము కిందికే మత్తిచ్చారు. రెండు గంటల తర్వాత డాక్టరుగారు నవ్వుతూ బయటికొచ్చారు.

"కాడను సుత్తితో కొట్టి దింపుతామండి. గట్టిగా కూర్చోగానే చప్పుడు మారుతుంది. నేను చాలు అనేలోపే మీ అమ్మగారు తెర అవతల నుంచి 'ఇగ చాలు బాబూ, కూసుంది' అన్నారు. నిజంగానే కూర్చుంది. గాజుల చప్పుడు విన్న చెవి కదా. మీకు ఆ చెవి రాలేదు, నోరొక్కటే వచ్చింది."

మర్నాడు అమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. నేను సిగ్గులేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఎందుకేడుస్తున్నవురా," అంది అమ్మ, "వదులైందనుకున్నవా?"

అందుకే మా తాతల దుకాణం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మణికట్టు దాటి అంగుళం పైనున్న ఏ ఎముక గురించీ ఈ జన్మలో నోరు విప్పను.